భట్టీ చల్లారేదాకా

మా రంగుల తాత పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ల్యాబ్‌లో భట్టీ ముందు నిలబడి ఉన్నాను. భట్టీ అంటే మా భౌతికశాస్త్ర విభాగంలో ఉండే చిన్న కరెంటు కొలిమి. దాని మీది ఎర్ర అంకెలు నాలుగు వందల పన్నెండు డిగ్రీలు చూపిస్తున్నాయి. కరెంటు అప్పుడే ఆపాను. చల్లారడం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది.

"పొద్దుగాల చాయ్ తాగిండు. కప్పు కింద పెట్టిండు. గంతే," అంది అమ్మ. ఏడుస్తోంది. అంతలోనే, "భట్టీ పెట్టినవా?" అని అడిగింది.

"పెట్టిన."

"మరి తెరువకు. గట్లనే ఉండనీ. నువ్వు దాన్ని ఎచ్చగున్నప్పుడే తెరిసి ఉరికొస్తే, ఆయన లేసి కూసోని తిడతడు."

ఇద్దరం ఏడుస్తూనే నవ్వాం. నేను బ్యాగులోంచి ఎర్ర నూలు పోగు తీసి భట్టీ పిడికి కట్టాను. బస్సుకు బయల్దేరాను. ఆ పోగు సంగతి తర్వాత చెబుతాను, ముందు తాత సంగతి చెప్పాలి.

ఆయన మాకు చుట్టం కాడు. మహారాష్ట్రలోని షోలాపూర్‌లో, తెలుగు నేతవాళ్ళుండే జోడ్‌భావి పేట్‌లో మా గల్లీ చివరనున్న రంగుల కార్ఖానాలో అద్దకం మాస్టరు. మా నాన్న పవర్‌లూమ్ మీద చద్దర్లు నేస్తాడు, అమ్మ ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. నాన్న నేసే నూలుకు రంగు వేసేది ఆయనే. గల్లీలో పిల్లలందరికీ ఆయన రంగుల తాత. ఆయన కుడి చెయ్యి మోచేతి దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేది. ఎడమ చెయ్యి మాత్రం శుభ్రంగా ఉంచుకునేవాడు. "ఇది అన్నం చెయ్యి కాదు కదా తాతా," అంటే, "అన్నం ఇంట్ల అవ్వ పెడతది. ఈ చెయ్యి చాయ్ కోసం," అనేవాడు.

చిన్నప్పుడు మాకొక ఆట ఉండేది. బడికి పోతూ కార్ఖానా పక్క మోరీలోకి చూసి, ఆ రోజు తాత ఏ రంగు వేస్తున్నాడో చెప్పాలి. మోరీ నీళ్ళు ఎర్రగా ఉంటే ఎరుపని, పసుపుగా ఉంటే పసుపని అరిచేవాళ్ళం. ఆయన లోపలినుంచి, "తప్పు!" అనేవాడు. మేం చెప్పింది నిజంగా తప్పయినా కాకపోయినా తప్పే అనేవాడు. నూలు ఆరి ఎండ వెలుతురులో ఆయన చేతికి వచ్చేదాకా ఏ రంగుకూ ఆయన పేరు పెట్టేవాడు కాదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక ఆదివారం నాన్నకు అన్నం డబ్బా ఇవ్వడానికి పోతూ కార్ఖానాలోకి తొంగిచూశాను. తాత పెద్ద తొట్టిలోంచి నూలు చిలపను, అంటే నూలు పోగుల కట్టను, కర్రతో పైకెత్తుతున్నాడు. చిలప నీలంగా ఉంది. గాలి తగిలిన చోటల్లా నా కళ్ళముందే పచ్చబడుతోంది. అంచుల నుంచి మొదలై లోపలికి పాకుతూ, నీలం మొత్తం పోయి చిలుకపచ్చ అయింది. ఎవరూ ముట్టుకోలేదు, ఏమీ పొయ్యలేదు. నేను డబ్బా కింద పెట్టేసి, "పచ్చయింది! తాతా, పచ్చయింది!" అని ఎగిరాను.

"ఇప్పుడే పేరు పెట్టకు బిడ్డా," అన్నాడు. "ఇంకా ఉడకలే."

దాన్ని తీసుకెళ్ళి కాగే సబ్బు నీళ్ళలో వేశాడు. పావుగంటకు తీసి, చల్లారబెట్టి, ఆరేశాడు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి చూస్తే అది వేరే పచ్చ. ఇంకా తేటగా, లోపలినుంచి వెలుగుతున్నట్టుంది. చాలా ఏళ్ళ తర్వాత ఒక పుస్తకంలో చదివాను. ఆ ఉడుకులో దారం లోపల చెల్లాచెదురుగా ఉన్న రంగు అణువులు ఒకదాన్నొకటి వెతుక్కుని చేరి, చిన్న చిన్న స్ఫటికాలుగా కుదురుకుంటాయట. అప్పుడే అసలు రంగు తేలుతుంది, ఉతికినా పోకుండా నిలుస్తుంది. ఆ పేజీ చదువుతుంటే నాకు సబ్బు వాసన వచ్చింది.

మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే మొదటిదాన్ని. ఎమ్మెస్సీ అయ్యాక పరిశోధనలో చేరినప్పుడు, ఏం చదువుతున్నానో ఇంట్లో చెప్పడం పెద్ద పరీక్ష అయింది. "గాజు మీద పూత," అంటే అమ్మ, "గాజులకా?" అంది. తాతకు మాత్రం ఒక్కసారి చెబితే అర్థమైంది. ఎందుకంటే నా పనీ ఆయన పనీ దాదాపు ఒకటే.

నేను చేసేది ఇది. ఒక గాజుపలకను జింక్ కలిపిన ద్రావణంలో ముంచి, మెల్లగా పైకి తీసి, ఆరబెట్టి, మళ్ళీ ముంచుతాను. ఇలా పదిసార్లు. దాని మీద ఏర్పడే జింక్ ఆక్సైడ్ పొర తలవెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. అప్పుడది పచ్చి పూత. దాని రేణువులు చిన్నవిగా, చిందరవందరగా పడి ఉంటాయి. కరెంటు దాని గుండా పోవాలంటే ప్రతి రేణువు గోడ దగ్గరా తట్టుకుంటుంది. భట్టీలో పెట్టి వేడి చేస్తే రేణువులు సర్దుకుంటాయి, పక్కవాటితో కలిసి పెద్దవవుతాయి. గోడలు తగ్గుతాయి. పూత తేటబడుతుంది, కరెంటుకు దారి సుళువవుతుంది. వేడి చాలకపోతే పూత పచ్చిగానే ఉండిపోతుంది. మరీ ఎక్కువైతే మసకబారుతుంది, కరెంటుకు అడ్డం మళ్ళీ పెరుగుతుంది. ఎంత వేడి, ఎంతసేపు అన్నది తేల్చడమే నా పని. వెలుగునూ కరెంటునూ రెంటినీ పోనిచ్చే గాజు ఎండతో కరెంటు పుట్టించే పలకలకు కావాలి, మన ఫోన్ల అద్దాలకు కావాలి.

చెప్పడానికి బాగానే ఉంది. మొదటి ఎనిమిది నెలలు నాకు ఒక్క పలక కూడా సరిగ్గా రాలేదు. కొన్ని పూతలు పగిలేవి, కొన్ని చేప పొలుసుల్లా లేచేవి. ఒకే వేడిలో పెట్టిన రెండు పలకలు రెండు రకాల కొలతలు చూపించేవి. మా గైడ్ మేడమ్ ఓపిక గల మనిషి. ఆమె కూడా చివరికి చెప్పేశారు. దీపావళి సెలవుల్లోపు నమ్మదగిన పలకల వరస ఒక్కటైనా రాకపోతే ఈ అంశం వదులుకోవాలి, కొత్తది వెతుక్కుని మొదటినుంచి మొదలుపెట్టాలి. ఇంట్లో ఇంకో రెండేళ్ళు అడిగే ధైర్యం నాకు లేదు. అమ్మతో కలిసి ఆకులు కత్తిరించే ఆడవాళ్ళందరికీ నేను డాక్టరు కాబోతున్నానని తెలుసు. ఏ డాక్టరో తెలియదు గానీ, తెలుసు.

దీపావళికి నాలుగు వారాలుందనగా ఒక ఆదివారం కార్ఖానా గడప మీద కూర్చున్నాను. అప్పటికి ఆ కార్ఖానా మూతబడి ఏడాది దాటింది. తాత మాత్రం రోజూ పొద్దున వచ్చి తాళం తీసి, ఖాళీ తొట్ల మధ్య ఒక చుట్టు తిరిగి, గడప మీద కూర్చునేవాడు.

"ఏందే సైంటిస్టమ్మా, మొకం రంగు పట్టని నూలు లెక్క ఉన్నది?"

నేను డబ్బాలోంచి పలకలు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన శుభ్రమైన ఎడమ చేతితోనే తీసుకుని, అంచులు పట్టుకుని, ఎండకు ఎత్తి చూశాడు. ఎలా పట్టుకోవాలో నేను చెప్పలేదు.

"పూత పగిలింది. ఎంత ఎచ్చ పెట్టినవ్?"

"నాలుగు వందల యాభై."

"ఎంతసేపు?"

"గంట."

"ఎనక?"

"ఎనక ఏముంది తాతా? గంట కాంగనే పట్కారుతోటి తీసేస్త."

ఆయన పలక దించి నా మొహం చూశాడు. "మండేటి భట్టీలకెల్లి? సక్కగ బయటి గాలిలకు?"

"మరేం చెయ్యాలె? నా ఎనక ముగ్గురు లైన్ల ఉంటరు. సాయంత్రం బస్సు పోతే అమ్మ లొల్లి పెడతది. పుస్తకంల చల్లారనియ్యాలనే రాసుంది. కానీ భట్టీ ఆరేడు గంటలు పడతది చల్లారేతందుకు."

"రాసుందా?" అన్నాడు. "రాసున్నదాన్ని చదువుకోని కూడా తీసినవా? నేనన్న సదువురానోణ్ణి."

అంటూనే పకపకా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఆయన భుజం మీది తువ్వాల తీసి నా ఒళ్ళో వేశాడు.

ఆ తువ్వాల మా గల్లీలో అందరికీ తెలుసు. ఆకుపచ్చ మీద ముదురూ లేతా చారలు, ఎక్కడా ఒకదానికొకటి పోలిక లేనివి. పిల్లలం అది ఆయన సొంత డిజైన్ అనుకునేవాళ్ళం. నాన్న ఒకసారి అలాంటిది నేద్దామని చూసి కుదరక వదిలేశాడు.

"ఇదేందో ఎరుకేనా?" అన్నాడు తాత. "నాకు పందొమ్మిదేండ్లు. మాట్నీ షో ఉన్నది. దోస్తులు గేటు కాడ సీటీ కొడుతుండ్రు. సబ్బు ఉడుకులకెల్లి నూలు సగం ఉడకంగనే గుంజిన, తడి తడిది కుప్పేసి ఉరికిన. వచ్చి చూస్తే గిట్ల. మా మాస్టరు ఆ నూలుతోటి తువ్వాలలు నేయించి అన్ని నాకే ఇచ్చిండు. 'ఇవి అయిపోయేదాక వేరేది ఏసుకోకు' అన్నడు. ఇది ఆఖరుది."

"సినిమా ఎట్లుండె?"

"సినిమా మాత్రం ఏకదమ్ ఫస్ట్ క్లాస్!"

తర్వాత చారలన్నీ వేలితో తడుముతూ నెమ్మదిగా అన్నాడు. "ఎచ్చ పెట్టుడు సగం పని బిడ్డా. చల్లారనిచ్చుడు మిగిలిన సగం. లోపల సర్దుకునేదానికి టైం ఇయ్యాలె."

"లైన్ల ఉన్నోళ్ళు తెరుస్తరు తాతా. నేనుంటేనే తెరుస్తరు, నేను బస్సుకు పోతే ఆగుతరా?"

"మరి పొద్దుగాల పెట్టు. నేనొస్త. భట్టీ కాడ కూసుంట."

నేను పరాచికం అనుకున్నాను. మరుసటి శనివారం పొద్దున మొదటి బస్సుకు ఆయన తెల్లని ధోతీ, చారల తువ్వాల, చేతిలో గుడ్డసంచితో స్టాపులో నిలబడి ఉన్నాడు. అవ్వ, అంటే ఆయన భార్య, సంచి నిండా కడక్ భాకరీలు, అంటే కరకరలాడే జొన్నరొట్టెలు, పల్లీ చట్నీ కట్టిచ్చింది.

విభాగంలో మేడమ్ ఆయన్ని చూసి ఆగిపోయారు. ఎవరని మరాఠీలో అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆయన చేతులు జోడించి, "మీ తిచా ఆజోబా. భట్టీ రాఖాయలా ఆలో," అన్నాడు. దీని తాతని, భట్టీకి కాపలా వచ్చాను అని. మేడమ్ ఏళ్ళ తరబడి రంగు ఇంకిన ఆయన కుడి చేతిని చూశారు, నన్ను చూశారు. కుర్చీ తెప్పించారు. ఆయన కుర్చీ వద్దని భట్టీకి ఎదురుగా ఉన్న చెక్క బల్ల మీద కూర్చున్నాడు.

కూర్చునే ముందు ఒక పని చేశాడు. సంచిలోంచి ఎర్ర నూలు పోగు తీసి భట్టీ పిడికి కట్టాడు. రెండు చుట్లు, ఒక ఉచ్చు. ముడిలో తన వేలు దూర్చి చూసుకున్నాడు. అద్దకానికి చిలపలు కట్టే ముడి అది. బిగించి కడితే ముడి కింద రంగు పట్టదు, తెల్లమచ్చ మిగిలిపోతుంది. అందుకే వేలు దూరేంత వదులు ఉంచుతారు. భట్టీ పిడికి ఆ వదులు అవసరం లేదు. ఆయన చేతికి అలవాటు.

"ఇది ఉన్నంతసేపు లోపల పని నడుస్తుందని గుర్తు," అన్నాడు.

పదింటికి వేడి ఆపాం. అక్కణ్ణుంచి ఆయన అంకెలు చదవడం మొదలుపెట్టాడు. అక్షరాలు రావు గానీ అంకెలు బాగా వచ్చు. "నాలుగు నూర్ల నలభై," అని అరిచేవాడు, రైల్వే స్టేషన్‌లో బండి వస్తోందని చెప్పినట్టు. పన్నెండు దాటాక మా సీనియర్లిద్దరు వచ్చి, "ఆజోబా, దోన్‌శే ఝాలే, ఉఘడూ కా?" అని బతిమాలారు. రెండు వందలకు వచ్చింది కదా, తెరుద్దామా అని. వాళ్ళ పలకలు చేతుల్లో ఉన్నాయి, పాపం.

"నాహీ రే బాళా," వద్దురా నాయనా అని, వాళ్ళ చేతిలో చెరో భాకరీ పెట్టాడు. "చల్లారేదాకా తిను."

వాళ్ళు తిన్నారు. చట్నీ అడిగి వేయించుకున్నారు. మూడింటికి ఆ బల్ల చుట్టూ ఐదుగురున్నారు. తాత మాట్నీ షో కథ మరాఠీలో చెబుతున్నాడు. ఐదు కావస్తుండగా అంకె యాభైలోకి దిగింది. ఆయన తలుపు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు ఉంచి, "ఇగ తియ్యి," అన్నాడు.

పలకలు ఒక్కటీ పగలలేదు. వెలుతురుకు ఎత్తితే నీళ్ళలా తేటగా ఉన్నాయి. కాస్త వంచితే లేత గులాబీ, లేత పచ్చ రంగులు అటూ ఇటూ జారాయి.

"ఏం రంగు కలిపినవ్?" అన్నాడు తాత.

"ఏం కలపలే. పూత సన్నగుంటది గదా, పై అంచు నుంచి వచ్చిన వెలుగు, కింది అంచు నుంచి వచ్చిన వెలుగు కలుసుకుంటయి. మందాన్ని బట్టి రంగు కనపడతది."

ఆయన పలకను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "రంగు లేకుంట రంగు!" అన్నాడు. "మరి యాభై ఏండ్లు డబ్బాలకు డబ్బాలు నాతోటి ఎందుకు కొనిపిచ్చిండ్రే?"

బస్సులో ఇంటికి వెళ్ళేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఆయన చెప్పిందల్లా సరైందని నేననను. ఉడుకు ఎంత ఎక్కువైతే అంత మంచిదని ఆయన గట్టి నమ్మకం. "ఇంకింత పెట్టు, భయపడకు," అని ఊదరగొట్టి, దీపావళి అయ్యాక ఒకసారి ఆరు వందల యాభై దాకా పెట్టించాడు. గాజుపలక కాలిన అప్పడంలా వంగి బయటికొచ్చింది. దాన్ని చూసి నాకంటే ముందు ఆయనే నవ్వాడు. "నా తువ్వాలకు తోడు దొరికింది, పడేయకు," అన్నాడు. ఆ వంగిన పలక ఇప్పటికీ నా బల్ల మీద పెన్నులకు ఆసరాగా ఉంది.

దీపావళిలోపు మూడు శనివారాలు వచ్చాడు. మూడు వందలు, నాలుగు వందలు, ఐదు వందల వేడిలో పెట్టిన పలకలు వరసగా వచ్చాయి. కొలిస్తే ఒకే వేడివన్నీ ఒకే మాట చెప్పాయి. నాలుగు వందల దగ్గర పూత అన్నిటికంటే తేటగా, కరెంటుకు అన్నిటికంటే సుళువుగా ఉంది. దీపావళి సెలవులకు రెండు రోజుల ముందు మేడమ్ కొలతల గ్రాఫు చూసి, సంతకం పెట్టి, "ఆజోబాంనా సాంగ్," అన్నారు. తాతగారికి చెప్పు అని. నేను పరుగున వెళ్ళి గడప మీద కూర్చున్న ఆయనకు చెప్పాను. ఆయన సంతోషంగా ఎడమ చెయ్యి చాపాడు. ఒక మంచి పలక ఆ చేతిలో పెట్టాను.

ఆయన పోవడానికి ముందు ఆదివారం కూడా ఆయన దగ్గరికి వెళ్ళాను. మనిషి చిక్కిపోయాడు గానీ గొంతు తగ్గలేదు. నన్ను చూడగానే ఎప్పటిలాగే, "చల్లారిందా?" అన్నాడు. ఇది మా ఇద్దరికీ బాగున్నావా అని అడగడం లాంటిది. "చల్లారింది తాతా," అన్నాను.

అమ్మ ఫోన్ చేసిన రోజు నేను బస్సు దిగి వెళ్ళేసరికి ఆయన మీద కొత్త బట్ట కప్పి, దాని మీద చారల తువ్వాల పరిచారు. అవ్వ దాని చారలు సరిచేస్తూ, వచ్చినవాళ్ళతో, "ఆఖరుది కూడ అయిపాయె. ఇగ మాస్టరు దగ్గరికి పోయి కొత్తది అడుగుతడు," అంది. ఏడుస్తున్న వాడకట్టు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన చుట్టూ ఎప్పుడూ ఉండే నవ్వే అది.

నాలుగో రోజు ల్యాబ్‌కు వెళ్ళాను. భట్టీ పిడికి నా ఎర్ర పోగు అలాగే ఉంది. అంకె ఎప్పుడో గది వేడికి దిగిపోయింది. పక్కన వేలాడదీసిన వరస పుస్తకంలో నా తర్వాత నాలుగు పేర్లున్నాయి. ఎవరూ తెరవలేదు. కొత్తగా చేరిన ఒక అమ్మాయి, కుంభారి నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, ట్రేలో పలకలు పట్టుకుని నిలబడి ఉంది.

"మూడు రోజులు ఎందుకు ఆగినవ్? చల్లగయింది గదా?" అన్నాను.

"దారం ఉన్నది గదక్కా," అంది. "దారం ఉంటే తెరువద్దంట. ఇక్కడ గట్లనే అంట."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఏమో అక్కా. అందరు గట్లనే చేస్తరు."

పోగు విప్పి నా పలకలు తీసుకున్నాను. అన్నీ బాగున్నాయి. ఆ అమ్మాయి తనవి పెట్టుకుని వేడి ఎక్కించింది. మధ్యాహ్నం కరెంటు ఆపాక నా చేతిలోని పోగు అడిగి తీసుకుంది. భట్టీ పిడికి రెండు చుట్లు చుట్టి ఉచ్చు వేసింది. ముడిలో చిటికెన వేలు దూర్చి చూసుకుంది. ఎందుకు దూర్చి చూడాలో ఆమెకు తెలియదు. ఆమెకు నేర్పినవాళ్ళకూ తెలిసి ఉండదు.

తర్వాత ఎదురుగా ఉన్న చెక్క బల్ల మీద కూర్చుని అన్నం డబ్బా మూత తీసింది. ఫ్యాను గాలికి ఎర్ర పోగు కొస కదులుతోంది. అంకెలు ఒక్కొక్కటే దిగుతున్నాయి.